ప్రాణం పోసిన నేరం

పాలపిట్ట చనిపోయిన రోజే ఓదెలు దశ తిరిగింది.

బస్టాండు వెనక కరెంటు తీగ తగిలి పడిపోయిన పిట్టను ఎవరో తెచ్చి జిల్లా పశువైద్యశాలలో బల్ల మీద పెట్టి వెళ్ళారు. డాక్టర్ అరుంధతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మరణ ధ్రువపత్రం రాసింది. తర్వాత ఫోను తీసింది.

“ఓదెలన్నా, పాలపిట్ట. ఒక్క ఈక చెదరలే. కావాల్నా?”

పది నిమిషాల్లో సైకిలు వచ్చి ఆగింది.

గుండేటి ఓదెలు జిల్లా ప్రకృతి ప్రదర్శనశాలలో ఉద్యోగి. చచ్చిన పక్షి చర్మం ఒలిచి, లోపల తీగా దూదీ పెట్టి కుట్టి, గాజు కళ్ళు అమర్చి, బతికినట్టు నిలబెట్టడం అతని పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ పనికే జీతం తీసుకుంటున్నాడు. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతను నింపిన పక్షుల సంఖ్య సున్నా.

తప్పు అతనిది కాదు. ఎవరూ పక్షిని ఇవ్వలేదు. పాత కొంగకు ముక్కు అతికించాడు, నెమలికి కలరా ఉండలు పెట్టాడు, ముందున్నాయన చేసిన కాకికి దుమ్ము దులిపాడు. ఆ కాకి గుత్తి వంకాయకు ముక్కు పెట్టినట్టు ఉండేది. వచ్చే జూన్‌లో ఓదెలు రిటైరవుతాడు. మొదటి నుంచి చివరి దాకా తన చేత్తో ఒక్క పక్షిని చేసి పోవాలన్నది అతని కోరిక. ఇక ఆశ వదులుకున్న సమయంలో ఈ పిట్ట తీగ మీద వాలింది.

అయితే అంతకు నెల ముందే ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చి ఉంది. దాని పేరు ‘సమగ్ర సన్నాహక మార్గదర్శకాలు’.

“ఏ మృత పక్షినైనను నింపుటకు పూర్వము సమగ్ర సన్నాహము జరుగవలెను. సన్నాహము సంపూర్ణము కానిదే సూది పట్టరాదు.”

వెనక ముప్ఫై ఏడు గడుల పట్టిక. ఆ సర్క్యులర్ ఉద్దేశం ఎవరూ సూది పట్టకుండా చూడటమని మిగతా జిల్లాలన్నిటికీ అర్థమైంది. అక్కడి పక్షులు ఫ్రిజ్‌లలో ఇంకా సన్నాహంలోనే ఉన్నాయి. ఆ సర్క్యులర్‌ను నమ్మిన ఏకైక ఉద్యోగి ఓదెలు.

ప్రదర్శనశాల సూపరింటెండెంట్ చక్రపాణి పట్టిక తీసి అతని ముందు పెట్టాడు.

“నింపు.”

“పిట్టనా సార్?”

“పట్టికను.”

ఓదెలు రెండూ నింపడానికే నిశ్చయించుకున్నాడు.

మొదటి రోజు పిట్టను తూచాడు. ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిచాడు. రెక్క, గోరు, కంటికీ కంటికీ మధ్య దూరం కొలిచాడు. కంటి రంగు గంటల్లో మారిపోతుంది కాబట్టి ముందే రాసుకున్నాడు. తర్వాత పిట్టను సంచిలో చుట్టి, ఆఫీసు ఫ్రిజ్‌లో పై అరలో, చక్రపాణి గారి పెరుగు డబ్బా పక్కన పెట్టాడు.

“మైలపడుతుందేమో,” అన్నాడు చక్రపాణి.

“పడదు సార్. మూడు సంచులేసిన.”

“నేనన్నది పెరుగు.”

ఆ తర్వాత పన్నెండు రోజులు తెల్లవారగానే ఓదెలు సైకిలెక్కి పాలకేంద్రం దాటి పత్తిచేల వైపు పోయేవాడు. అక్కడ మూడో కరెంటు స్తంభం మీద ఒక బతికిన పాలపిట్ట ఉండేది. అది ఎలా కూర్చుంటుందో, మెడ ఎంత వంచుతుందో, మిడత కనబడగానే ఏం చేస్తుందో బొమ్మలు గీసుకున్నాడు. ఎగరబోయే ముందు అది ఒక్క రవ్వ ముందుకు వాలుతుంది. తోక కొస కిందికి దిగుతుంది. కనురెప్ప పాటు అంతే. ఇంకొకటి కూడా గమనించాడు. ఆ స్తంభం చుట్టుపక్కలకు ఇంకో పాలపిట్ట వస్తే అది ఊరుకోదు. నెత్తి మీద పడి, బొంగురు గొంతుతో కేకలేస్తూ తరిమి కొడుతుంది. ఒకసారి కాకిని కూడా తరిమింది. ఓదెలు అది కూడా రాసుకున్నాడు. పట్టికలో దానికి గడి లేదు.

చర్మం ఒలిచి, లోపల పెట్టే మొండాన్ని జనపనారతో మూడుసార్లు కట్టి మూడుసార్లు విప్పాడు. సూది పట్టేసరికి ముప్ఫై మూడో రోజు. కుట్టడానికి ఒక్క రోజు పట్టింది. ఈకలు సర్ది, గుండుసూదులు గుచ్చి, ఆరడానికి ఆరు రోజులు. మొత్తం నలభై రోజులు. పిట్టను పద్నాలుగో నంబరు అద్దాల పెట్టెలో కొమ్మ మీద నిలబెట్టాడు. అది ఒక్క రవ్వ ముందుకు వాలి ఉంది.

నలభై రెండో రోజున కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు.

కాకి ముందు ఆగలేదు. కొంగ ముందు ఆగలేదు. పద్నాలుగో పెట్టె ముందు ఆగారు. అక్కడే ఉండిపోయారు.

“చిన్నప్పుడు దసరా నాడు మా నాయిన భుజాల మీద ఎక్కించుకొని చూపించిండు,” అన్నారు చివరికి. “గిట్లనే ఉండె.”

సందర్శకుల పుస్తకం తెప్పించి రాశారు. “ఓదెలు గారు ఈ పక్షికి ప్రాణం పోశారు. ఏ క్షణమైనా ఎగిరిపోయేలా ఉంది.” కింద సంతకం, తేదీ.

ఆ సాయంత్రం ఓదెలు ఇంటికి పావుకిలో మైసూర్‌పాక్ పట్టుకెళ్ళాడు. అతని జీవితంలో ఆఖరి ప్రశాంతమైన సాయంత్రం అదే.

సందర్శకుల పుస్తకంలో పై అధికారి రాసే ప్రతి వాక్యానికీ పదిహేను రోజుల్లో ‘తీసుకున్న చర్య’ పంపాలి. అది నియమం. చక్రపాణి ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క వాక్యాన్ని కూడా వదల్లేదు. ఒకసారి ఏప్రిల్‌లో ఒక అధికారి “ఎండలు మండిపోతున్నాయి” అని రాస్తే, “చర్య తీసుకోబడుచున్నది” అని పంపి, జూన్‌లో వాన పడగానే “సమస్య పరిష్కరించడమైనది” అని ముగించాడు.

ఇప్పుడు రెండు వాక్యాలు. చక్రపాణి ఓదెలును పిలిచాడు.

“ప్రాణం పోశావట.”

“మెచ్చుకున్నరు సార్. మాట వరసకు రాసిండ్రు.”

“కమిషనర్ గారు మాట వరసకు రాయరు. సంతకం పెట్టి రాస్తారు.”

“పిట్ట చచ్చింది సార్. నా చేత్తోటి నేనే ఒలిచిన.”

“నువ్వు ఒలిచింది జూలైలో. వారు రాసింది ఆగస్టులో. తర్వాతి తేదీదే చెల్లుతుంది.”

చక్రపాణి దుర్మార్గుడు కాడు. పై అధికారి రాసిన దాన్ని కింది ఉద్యోగి కాదనడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు, అంతే. పిట్టను మృత జీవుల రిజిస్టరులో కొట్టేసి, సజీవ జీవుల రిజిస్టరులో ఎక్కించాడు. “ఏ క్షణమైనా ఎగిరిపోయేలా ఉంది” అన్నది భద్రతా లోపంగా గుర్తించి, పెట్టెకు రెండు తాళాలు వేయించాడు. ఆ మేరకు నివేదిక పంపాడు.

వారంలో ప్రధాన కార్యాలయం నుంచి మెమో వచ్చింది.

“రక్షిత జాతి సజీవ పక్షిని అద్దాల పెట్టెలో బంధించి ఉంచుట తీవ్ర నేరము. మీకు పక్షిని నింపుటకు మాత్రమే అనుమతి కలదు. ప్రాణము పోయుటకు అనుమతి లేదు. ఎవరి ఉత్తర్వులపై ప్రాణము పోసినారో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.”

ఓదెలు దాన్ని ఇంట్లో చదివి వినిపించాడు. భార్య మల్లవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

“పానం పోయెతందుకు గూడ పర్మిషన్ గావాల్నట?”

“పోయెతందుకు గాదే. పోసెతందుకు.”

“ఏదైతేంది. మంచిగ చేసినందుకే గీ తిప్పలు. ఆ ముందటాయన కాకిని చేసిండు, ఇంత దూది కుక్కి. ఎవలన్న ఒక్క మాట అన్నరా? పింఛన్ దీసుకొని మంచిగున్నడు.”

సజీవ రిజిస్టరులోకి వచ్చిన ప్రాణికి వైద్య పరీక్ష తప్పనిసరి. డాక్టర్ అరుంధతి వచ్చింది. స్టెతస్కోపు పెట్టింది. ఓదెలు ముఖం చూసింది. చక్రపాణి ముఖం చూసింది.

“నాడి లేదు,” అంది.

“లేదని రాస్తే కమిషనర్ గారి మాట కాదన్నట్టవుతుంది మేడమ్. నెమ్మదిగా ఉన్నదని రాయండి.”

“ఎంత నెమ్మదిగా?”

“అది మీ వైద్య పరిజ్ఞానానికే వదిలేస్తున్నాను.”

“చూడుండ్రి చక్రపాణి గారూ, జూలైల నేనే దీనికి డెత్ సర్టిఫికెట్ ఇచ్చిన.”

“అందుకే మళ్ళీ ఇవ్వడం కుదరదు. ఒక పక్షికి ఒకటే.”

ఆమె కాసేపు ఆలోచించి నాలుగు నిజాలు రాసింది. దగ్గు లేదు. జ్వరం లేదు. విరేచనాలు లేవు. ప్రవర్తన ప్రశాంతంగా ఉంది.

తర్వాత మేత. రోజుకు ఇరవై మిడతలు. పట్టి తెచ్చే బాధ్యత ఓదెలుది. ఇరవై మిడతలు లోపలికి పోయేవి, ఇరవై మిడతలు బయటికి వచ్చేవి. చక్రపాణి ప్రతి సాయంత్రం మేత పట్టికలో “తినలేదు” అని రాసి సంతకం పెట్టేవాడు. పదకొండు రోజులు వరసగా “తినలేదు” పడేసరికి ఆ కాగితం దాని దారిన అది తహసీల్దారు దగ్గరికి పోయింది. వరసగా పది రోజులు దాటి ఎవరు తినకపోయినా ఆయనకు తెలియజేయాలి.

తహసీల్దారు నిమ్మరసం గ్లాసుతో వచ్చాడు. వెనకాల ఫోటోగ్రాఫరు.

“డిమాండ్లేంది?” అన్నాడు పిట్ట వైపు వంగి.

“దీనికేం డిమాండ్లు లెవ్వు సార్,” అన్నాడు ఓదెలు. “ఇది చచ్చిన పిట్ట.”

“ప్రతి శిబిరంల అట్లనే అంటరు. చచ్చిపోతున్నడు సార్, చచ్చిపోతున్నడు సార్ అని. పదిహేనేండ్ల సంది చూస్తున్న.” తహసీల్దారు నిట్టూర్చాడు. “డిమాండ్లు లేనోళ్ళతోనే కష్టం. ఒప్పుకుందమంటె ఏమీ ఉండదు.”

గ్లాసు ముక్కుకు ఆనించాడు. ఒక చుక్క జారి పిట్ట రొమ్ము మీద పడింది. ఓదెలు జేబురుమాలు తీసి అద్ది, ఈకలు మళ్ళీ ఒక్కొక్కటిగా సర్దాడు. మేత పట్టికలో ఆ రోజు చక్రపాణి రాసింది: “నిమ్మరసం, ఒక చుక్క. దీక్ష విరమణ.”

రెండో మెమో మొదటిదాని కంటే చిన్నది. సదరు పక్షి సజీవమైనచో వెంటనే విడుదల చేయవలెను. మృతమైనచో, నిర్బంధంలో మరణించినందున, ఇరవై నాలుగు గంటలలో పంచుల సమక్షమున దహనము చేయవలెను. ఏదో ఒకటి తేల్చవలెను.

డాక్టర్ అరుంధతి ఓదెలును పశువైద్యశాల వరండాలో కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది.

“అన్నా, నిమ్మరసం తాగినంక చచ్చిందని నేను రాస్త. రిజిస్టరుల బతికినట్టున్నది గదా, మల్ల చావనిస్తరు. నీ నౌకరి నిలుస్తది. పింఛనొస్తది.”

“పిట్ట?”

“కాలుతది.”

ఓదెలు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“ముప్ఫై ఒక్క ఏండ్లకు ఒక్కటి చేసిన మేడమ్.”

“ఎరుకే.”

“ఇడిసిపెడ్తమని రాయిస్త.”

“ఇడిసిపెడ్తె ఎగరాలె గదన్నా.”

“గా సంగతి నాకిడిసిపెట్టుండ్రి.”

ఇంట్లో మల్లవ్వ ఒకటే ప్రశ్న అడిగింది. “గా పిట్ట కోసం నౌకరి పోగొట్టుకుంటవా?”

“నౌకరి జూన్‌ల ఎట్లన్న పోతది,” అన్నాడు ఓదెలు.

దసరాకు తొమ్మిది రోజులుంది. పాలపిట్టను చూడటానికి దసరాను మించిన రోజు లేదు కాబట్టి ఆ రోజునే ‘పాలపిట్ట స్వేచ్ఛా మహోత్సవం’ జరపాలని, మంత్రివర్యులు స్వహస్తాలతో విడుదల చేయాలని నిర్ణయమైంది. విడుదలకు కూడా సమగ్ర సన్నాహం కావాలి. ముప్ఫై ఏడు గడుల పట్టిక మళ్ళీ బయటికి వచ్చింది. ఎదురుగా బాధ్యుల పేర్లు.

గాలి దిశ: వ్యవసాయ శాఖ. తాడు లాగుట: మంత్రివర్యులు. చప్పట్లు: ఉన్నత పాఠశాల విద్యార్థులు, రెండు వందల మంది. ఎగురుట: పక్షి, స్వయంగా. ఎగరని పక్షంలో బాధ్యత: ఓదెలు.

రెండు రిహార్సల్స్ జరిగాయి. పక్షికి బదులు షటిల్ కాక్‌ను నిలబెట్టారు. తాడు లాగారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, కాక్ కదల్లేదు. “ఏర్పాట్లు సంతృప్తికరం. పక్షి పాత్రధారి సహకరించలేదు” అని చక్రపాణి నమోదు చేశాడు.

“సార్, ఒక గడి ఖాళీగున్నది,” అన్నాడు ఓదెలు పట్టిక మీద వేలు పెట్టి. “ముప్ఫై ఏడోది. ఇతరములు.”

ఖాళీ గడిని చూసి ఊరుకోగల మనిషి కాడు చక్రపాణి. “ఏం రాద్దాం?”

“జాగ రాయుండ్రి. పాలకేంద్రం దాటినంక, పత్తిచేను పక్కన, మూడో స్తంభం కింద. పొద్దున ఏడింటికి.”

“అక్కడే ఎందుకు?”

“పన్నెండు రోజులు చూసొచ్చిన సార్. పిట్టకు గాడనే మంచిగుంటది.”

చక్రపాణి రాసుకున్నాడు. ఆ గడి నిండిన తృప్తిలో ఇంకేమీ అడగలేదు.

దసరా పొద్దున. పత్తిచేను పక్కన షామియానా. మూడో స్తంభానికి పది అడుగుల దూరంలో బల్ల, బల్ల మీద పంజరం. తాడు లాగితే నాలుగు పక్కలా తడికెలు పడిపోయేలా ఓదెలే వెదురుతో కట్టాడు. పంజరం మీద తెల్లగుడ్డ. స్తంభం మీద ఏమీ లేదు.

ఓదెలు పంజరం వెనక నిలబడ్డాడు. భుజాన జమ్మి ఆకు తెచ్చిన గుడ్డ సంచి. అతని కళ్ళు తీగ మీదే ఉన్నాయి. తీగ ఖాళీగా ఉంది.

మంత్రివర్యులు మాట్లాడారు. స్వేచ్ఛ గురించి ఇరవై నిమిషాలు, పక్షి గురించి రెండు నిమిషాలు. ఏడుంబావు దాటింది. తీగ ఇంకా ఖాళీ. మల్లవ్వ జనంలో ముందు వరసలో నిలబడి కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది.

గుడ్డ తీశారు. మంత్రివర్యులు తాడు లాగారు. తడికెలు నాలుగూ పడ్డాయి.

కొమ్మ మీద పాలపిట్ట ఒక్క రవ్వ ముందుకు వాలి ఉంది.

రెండు వందల మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. పిట్ట అలాగే ఉంది. చప్పట్లు పలచబడ్డాయి. ఆగిపోయాయి. ఎవరో దగ్గారు.

“ఎగరదేం?” అన్నారు మంత్రివర్యులు, పెదవులు కదలకుండా.

చక్రపాణి కలం మూత తీశాడు. “ఎగరని పక్షంలో” అన్న గడి వెతుక్కుంటున్నాడు.

అప్పుడు వినిపించింది. బొంగురు గొంతుతో ఒక కేక, చేను అవతల తుమ్మచెట్టు మీద నుంచి. తన స్తంభం కింద తనలాంటిదే ఇంకొకటి, ఎగరబోతున్నట్టు ముందుకు వాలి, మిడతల మీద కన్నేసి నిలబడి ఉండటం దాని కంటపడింది. మూడో స్తంభం యజమాని బాణంలా వచ్చింది. బల్ల మీదికి దూకి, జనం నెత్తుల మీదుగా గిరగిరా తిరిగి, రెక్కలు విప్పింది. నీలం. దసరా నాడు చూడాల్సిన నీలం మొత్తం ఒక్కసారిగా ఆకాశంలో పరుచుకుంది.

“పాలపిట్ట, పాలపిట్ట,” అన్నారు పిల్లలు.

పాలపిట్ట కనబడితే దండం పెట్టుకోవాలి. దండం పెట్టుకునేటప్పుడు కళ్ళు మూసుకోవాలి. జనమంతా తలలెత్తి, చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నారు. మంత్రివర్యులు మూసుకున్నారు. తహసీల్దారు మూసుకున్నాడు. చక్రపాణి కలం చెవిలో దోపుకుని మూసుకున్నాడు.

ఓదెలు ఈ క్షణానికి కూడా సన్నాహం చేసుకునే వచ్చాడు. జనం కళ్ళు తెరిచేసరికి కొమ్మ ఖాళీగా ఉంది. అతని భుజాన సంచిలో జమ్మి ఆకు కొంచెం ఎత్తుగా కనబడుతోంది.

డాక్టర్ అరుంధతి ఒక కన్ను తెరిచే ఉంచింది. ఆమె ఇచ్చిన ధ్రువపత్రంలో ఇలా ఉంది: “విడుదలకు ముందూ తర్వాతా పక్షి ఆరోగ్యంలో ఎలాంటి మార్పూ లేదు.”

జనం జమ్మి ఆకు పంచుకుని అలయ్ బలయ్ తీసుకున్నారు. చక్రపాణి ఓదెలును గట్టిగా కావలించుకోబోయాడు.

“సంచి జాగ్రత్త సార్,” అన్నాడు ఓదెలు.

పండగ సెలవుల తర్వాత ఆఫీసు తెరిచారు. చక్రపాణి పద్నాలుగో పెట్టె ముందుకు వచ్చి ఆగిపోయాడు. ఓదెలు అద్దం తుడుస్తున్నాడు. కొమ్మ మీద పాలపిట్ట ఉంది.

చక్రపాణి పెట్టె తాళాలు రెండూ లాగి చూశాడు.

“ఇదేమిటి?” అన్నాడు చక్రపాణి.

“పిట్ట సార్.”

“పిట్ట ఎగిరిపోయింది. ఆరు వందల మంది చూశారు. మంత్రివర్యులు సంతకం పెట్టారు. రికార్డు ప్రకారం ఈ పెట్టెలో ఏమీ లేదు.”

“అయితే ఏమీ లేదు సార్.”

చక్రపాణి పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. లేని దాన్ని విడుదల చేయలేరు. లేని దాన్ని కాల్చలేరు. లేని దానికి మేత అక్కర్లేదు. ఇరవై నాలుగేళ్ళలో ఇంత సుఖమైన ఫైలు అతను చూడలేదు. తన గదికి పోయి, అట్ట ముక్క మీద తన చేత్తోనే రాసి తెచ్చి పెట్టెకు అంటించాడు.

“నం. 14. ఈ పెట్టె ఖాళీ.”

ఆ చలికాలంలో ఓదెలుకు ఒక గుడ్లగూబ దొరికింది. నలభై రోజులు ఎప్పటిలాగే చేశాడు. ఆఖర్న ఒక రోజు అదనంగా కూర్చుని, దాని కుడి కన్ను కొద్దిగా మెల్లకన్ను చేశాడు. మల్లవ్వ సలహా అది.

మేలో కమిషనర్ గారు మళ్ళీ తనిఖీకి వచ్చారు. గుడ్లగూబను చూసి “పాపం” అని ముందుకు నడిచారు. ఓదెలు ఊపిరి పీల్చుకున్నాడు. కమిషనర్ గారు పద్నాలుగో పెట్టె ముందు ఆగారు.

అట్ట చదివారు. పిట్టను చూశారు. మళ్ళీ అట్ట చదివారు. వెనక్కి తిరిగి చక్రపాణిని చూశారు. చక్రపాణి గోడ గడియారాన్ని చూస్తున్నాడు. ఆయన ఓదెలును చూశారు. ఓదెలు రెండు చేతులూ జోడించాడు. ఆ చూపులో ఏముందో గాని, కమిషనర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. పాత ఫైళ్ళన్నీ ఆయన బల్ల మీదుగా పోయినవే.

“సందర్శకుల పుస్తకం తేండి,” అన్నారు.

చక్రపాణి పుస్తకం తెచ్చాడు. కమిషనర్ గారు కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. ఒక్కో మాటా తూచి, ఒకే ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

కారు గేటు దాటాక ఇద్దరూ పుస్తకం మీదికి వంగారు.

“పద్నాలుగో పెట్టెలోని ఖాళీ చాలా సహజంగా ఉంది.”

చక్రపాణి మూడుసార్లు చదివాడు. కలం తీసి, తీసుకున్న చర్య అన్న చోట “యథాతథంగా ఉంచడమైనది” అని రాశాడు.

ఓదెలు గుడ్డ అందుకుని ఖాళీకి దుమ్ము దులపడం మొదలుపెట్టాడు, తోక వైపు నుంచి, చాలా మెల్లగా.